నువ్వూ అంతే

జూలై 4, మంగళవారం
పసిపిల్లల వార్డు బయట, బల్ల మీద నుంచి

అక్కా,

ముందు మంచి మాట. నువ్వు పెద్దమ్మవయ్యావు. మగపిల్లాడు. శనివారం పొద్దున పుట్టాడు, నెల రోజులు తొందరపడి. మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ నన్ను ఆటోలో తెచ్చి ఆసుపత్రి మెట్ల దగ్గర దింపి, సంచీ ఒళ్ళో పెట్టి, పొయ్యి మీద ఏదో ఉందని వెళ్ళిపోయింది. మిగతాదంతా నేనూ సిస్టర్లూ చూసుకున్నాం. ఆయన ఓడ ఏ రేవులో ఉందో తెలీదు. ఓడ కంపెనీ చిరునామాకి కబురు రాశాను. ఓడ వంటగదిలో గరిట పట్టుకుని ఉన్నప్పుడు ఎవరో చెబుతారు కాబోలు.

ఇక అసలు సంగతి. వాడికి కామెర్లు వచ్చాయి. కంగారు పడకు, పుట్టిన పిల్లల్లో చాలామందికి వస్తాయట, నెలలు నిండనివాళ్ళకి ఇంకాస్త ఎక్కువట. నిన్నటి నుంచి నీలం దీపాల కింద పెట్టారు. ఒంటి మీద నూలుపోగు లేదు, కళ్ళకి గంతలు కట్టారు. ఆ వెలుగు చర్మం మీద పడితే లోపలి పచ్చదనం కరిగి బయటికి పోతుందని డాక్టరమ్మ చెప్పింది. పాలవేళకి దీపం ఆపి, గంతలు విప్పి నా చేతికిస్తారు. వాడు నన్ను ఎవరీవిడ అన్నట్టు చూస్తాడు. పరిచయం కుదిరేలోపే మళ్ళీ తీసుకుపోతారు. మిగతా పొద్దంతా ఈ బల్లే నా ఇల్లు. ఇక్కడ కూర్చున్న ప్రతి తల్లి పక్కనా ఒక అమ్మో అత్తో ఫ్లాస్కు పట్టుకుని ఉన్నారు. నా పక్కన నా సంచీ కూర్చుంది.

ఈ కాగితం మీ ఊరి బస్సు కండక్టరుకిస్తున్నాను. పొద్దున అక్కడ బయల్దేరి మధ్యాహ్నానికి ఈ గేటు ముందు ఆగుతాడు, సాయంత్రానికి మళ్ళీ అక్కడ. పోస్టు కంటే ఇదే నయం. మీ హేచరీ ఫోను ఎలాగూ ఓనరు గది దాటి రాదు.

నువ్వు రానక్కర్లేదు. కోడిగుడ్లు పిల్లలయ్యే వేళని నాకు తెలుసు. నా పెళ్ళప్పుడూ అదే వేళ కదా.

ఒక్కటి మాత్రం చెప్పు. నేనూ పుట్టినప్పుడు ఇలా పచ్చగా ఉన్నానా?

బల్ల మీద చోటు పోతుందని లేవకుండా రాస్తున్న
నీ చెల్లి

*

జూలై 4, సాయంత్రం
హేచరీ

పిచ్చుకా,

కండక్టరు ఉత్తరం చేతికివ్వకముందే "మీకు అబ్బాయి పుట్టాడటగా పెద్దమ్మగారూ" అన్నాడు. అంటే దారి పొడుగునా చదువుకుంటూ వచ్చాడన్నమాట. ఈసారి నుంచి అంటించి పంపు. మా వాళ్ళందరికీ చెప్పేశాను. గుడ్లు కడిగే ఆవిడ ఏడ్చింది. ఆవిడ దేనికైనా ఏడుస్తుందిలే.

పచ్చగా ఉన్నావా అని అడుగుతావేంటి? నువ్వూ అంతే. అచ్చం నిమ్మపండు. అమ్మ నిన్ను ఒళ్ళో వేసుకుని కిటికీ పక్కన కూర్చునేది, పొద్దుటి ఎండ నీ కాళ్ళ మీద పడేట్టు. కాళ్ళు తంతూ ఎండతో పోట్లాడేదానివి. వారం తిరక్కుండా రంగు తేలావు. వాడూ తేలతాడు.

రానక్కర్లేదన్నావు కాబట్టి సరే. నువ్వు రమ్మని ఉంటే మా బట్టతల సూపర్‌వైజరు మీద పడి అరిచైనా వచ్చేదాన్ని. ఆదివారం నుంచి పెంకులు పగులుతాయి. ఆ వేడి గదిలో తడి ఎంత ఉండాలో, ఏ ట్రే ఎప్పుడు దించాలో ఇక్కడ నేనూ ఇంకొక ముసలాయనా తప్ప తెలిసినవాళ్ళు లేరు. ఆయనకి ఈ వారం నడుం పట్టేసింది. మన దగ్గర కూడా దీపాలే, చూశావా? అక్కడ నీ పిల్లాడు దీపం కింద, ఇక్కడ నా పిల్లలు బల్బు కింద.

మీ ఆయన సంగతికేం, ఆయన ఓడ దిగేసరికి నీ కొడుకే ఎదురెళ్ళి సంచీ అందుకుంటాడు.

సిస్టర్లని మాత్రం విసిగించకు. నీకు ప్రశ్నలెక్కువ. వాళ్ళ పని వాళ్ళని చేసుకోనివ్వు. వేళకి తిను.

చేతులనిండా గుడ్ల వాసనతో
అక్క

*

జూలై 6, గురువారం
అదే బల్ల

అక్కా,

అంటించాను. కండక్టరు మొహం చూడాల్సింది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అమ్మ కిటికీ పక్కన కూర్చోవడం నాకు కళ్ళ ముందు కనపడింది. నీకు గుర్తుండబట్టి సరిపోయింది కానీ, లేకపోతే నా చిన్నతనం నాకు ఎవరు చెబుతారు? నాకు రెండేళ్ళప్పుడే అమ్మ పోయె, నాన్నకేమో ఏదీ గుర్తుండేది కాదు. పక్కన కూర్చున్న అమ్మాయికి కూడా చెప్పాను, నేనూ ఇలాగే పచ్చగా పుట్టానని. వాళ్ళ అమ్మ ఫ్లాస్కులోంచి నాకూ కాస్త కాఫీ పోసింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు వాళ్ళ మాటల్లో పడ్డారు, నేను గ్లాసు కడిగి ఇచ్చేశాను.

మా ఆయన మీద వేళాకోళం వద్దక్కా. నీకు ఆయన మొదటి నుంచీ నచ్చలేదు, తెలుసు. పెళ్ళికి రాలేదు, పురుడికి రాలేదు. నేనేం అనడం లేదు. గుడ్లదేం తప్పు.

వాడి రంగు కొంచెం దిగిందట. ఇంకా దీపం కిందే ఉండాలట. కానీ ఒక సంగతి. నిన్నటి నుంచి వాడి గడ్డం వణుకుతోంది. పాలకి తెచ్చినప్పుడు చేతులు కూడా. వేళ్ళు చాచి, గజగజ, చలేసినట్టు. నేను చెయ్యి పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే మళ్ళీ మొదలు. అక్కడ చలేం లేదు, గది వెచ్చగానే ఉంటుంది. సిస్టర్‌కి చెబుదామనుకున్నాను. మొన్న ఎక్కిళ్ళొస్తున్నాయని పిలిస్తే ఆవిడ నవ్వేసి, ఇలా ప్రతిదానికీ పిలిస్తే మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా అంది. అందరూ నా వైపు చూశారు. నువ్వు కూడా విసిగించకన్నావు. అందుకని ముందు నిన్నే అడుగుతున్నాను.

నేనూ వణికేదాన్నా?

జవాబు రేపటి బస్సులో తప్పకుండా పంపు. నువ్వెలా చెబితే అలా చేస్తాను.

నీ చెల్లి

*

జూలై 6, సాయంత్రం
హేచరీ

పిచ్చుకా,

ఇంతోటి దానికి భయమెందుకే? నువ్వూ అంతే. గడ్డం టకటకా ఆడించేదానివి, ఏదో చెప్పబోయి మానేసినట్టు. చేతులైతే ఆకుల్లా ఊగేవి. అమ్మ నీ రెండు చేతులూ తన గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది, నువ్వు నిద్రపోయేదాకా. కొన్నాళ్ళకి అదే పోయింది. మా పిల్లలూ అంతే, బల్బు కింద పెట్టిన కొత్తలో వణుకుతాయి, తర్వాత సర్దుకుంటాయి. నువ్వూ పట్టుకుని కూర్చో. ఆవిడ మళ్ళీ నవ్వే పని పెట్టుకోకు.

మీ ఆయన గురించి సరదాకన్నాను, అంత గుచ్చుకుంటుందని తెలీదు. నాకాయన నచ్చకపోవడమేంటి? పెళ్ళికి నువ్వు పంపిన కార్డులో "వీలైతే రా" అని రాశావు. వీలైతే రమ్మని చుట్టాలకి రాస్తారు, అక్కకి కాదు. అందుకే రాలేదు. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను, కొట్టేస్తే ఇంకా అసహ్యంగా ఉంటుందని వదిలేస్తున్నాను.

ఇక్కడ కరెంటు రెండుసార్లు పోయింది. జనరేటరు దగ్గర కాపలా నాదే. వాడికి ఏం పేరనుకున్నావో రాయలేదు.

నిద్రపో కాస్త.
అక్క

*

జూలై 8, శనివారం

అక్కా,

వాడికి ఈ పొద్దున ఫిట్స్ వచ్చాయి.

పాలకని తెచ్చారు. రొమ్ము పట్టుకోలేదు. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుని, ఒక చెయ్యి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నువ్వు చెప్పినట్టే గుప్పిట్లో పట్టుకున్నాను. ఆగలేదు. నా చేతిలోనే కొట్టుకుంది. అప్పుడు అరిచాను. వాణ్ణి లాక్కుని లోపలికి పరిగెత్తారు.

రక్తంలో కాల్షియం బాగా పడిపోయిందట. చేతి నరంలోకి చుక్కచుక్కగా ఎక్కించారు. ఎక్కుతున్నంతసేపూ డాక్టరమ్మ వాడి గుండె మీద స్టెతస్కోపు తియ్యలేదు, త్వరగా పోతే గుండెకి ప్రమాదమట. నేను అద్దం బయట నుంచుని ఆవిడ మొహమే చూశాను. ఇప్పుడు పడుకున్నాడు. మళ్ళీ రాలేదు.

తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఈ దీపాల వల్ల కొందరు పిల్లల్లో కాల్షియం తగ్గుతుందట. నెలలు నిండనివాళ్ళలో ఎక్కువట. ఎందుకు తగ్గుతుందో పూర్తిగా తేలలేదంది. మామూలుగా అయితే కొద్దిగా తగ్గి దానంతటదే సర్దుకుంటుందట, వీడికి మరీ తగ్గింది. దీపం పెట్టడం తప్పు కాదంది, పెట్టకపోతే కామెర్లు మెదడుకెక్కేవట. వణుకే ముందు గుర్తట. "ఎప్పటి నుంచి వణుకుతున్నాడమ్మా?" అని అడిగింది. మూడు రోజుల నుంచని చెప్పాను. మరి చెప్పలేదేమని ఆవిడ అడగలేదు, నేనే చెప్పాను.

"మా అక్క చెప్పిందండీ, చిన్నప్పుడు నేనూ అంతేనట."

ఆవిడ రాస్తున్నది ఆపేసింది. అలాగైతే ఇది దీపం వల్ల వచ్చింది కాకపోవచ్చంది. కాల్షియం నిలవని జబ్బు కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి బిడ్డకి వస్తుందట. నా రక్తం కూడా తీసుకున్నారు, ఆ లెక్క సోమవారానికి గానీ రాదు. ఇంట్లో ఉన్న జబ్బే అయితే వాణ్ణి ఇక్కడ ఉంచరట, పెద్ద ఆసుపత్రికి పంపాలట. అక్కడ తల్లుల్ని లోపలికి రానివ్వరు. ఎన్నాళ్ళో చెప్పలేమంది. నీ జవాబు వచ్చేదాకా ఆగుతానంది.

అందుకని జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని రాయి. నా వణుకు ఎన్నో రోజున మొదలైంది? ఎన్నాళ్ళుంది? బిగుసుకుపోయానా ఎప్పుడైనా? అమ్మ ఏ డాక్టరుకైనా చూపించిందా, మందేదైనా వేసేదా? నీకు బాగా గుర్తుంటుందని డాక్టరమ్మకి చెప్పాను.

చెల్లి

*

జూలై 8, రాత్రి

చెల్లీ,

ఇది ముందు డాక్టరమ్మకి చూపించు, తర్వాత నువ్వు చదువు.

డాక్టరమ్మగారూ, మా చెల్లెలు పుట్టినప్పుడు నేను దాని దగ్గర లేను. అది వణికిందో లేదో నాకు తెలీదు. పచ్చగా ఉందో లేదో కూడా తెలీదు. నేను రాసినవన్నీ కల్పించి రాసినవి. వాటిని లెక్కలోకి తీసుకోకండి. దయచేసి పిల్లాణ్ణి వాటి కోసం ఎక్కడికీ పంపకండి.

ఇప్పుడు నీకు.

నువ్వు పుట్టేటప్పుడు నాన్న నన్ను తను పని చేసే చోటికి తీసుకెళ్ళాడు. అమ్మ పురిటికి మేనత్త ఇంటికెళ్ళింది. ఇక తిరిగి రాలేదు. నీకు రెండేళ్ళప్పుడు పోయిందని చెప్పాను కదా, అది నిజం కాదు. నువ్వు పుట్టిన నెలలోపే పోయింది. నిన్ను మేనత్తే తన దగ్గర ఉంచుకుంది. నేను నిన్ను మొదటిసారి చూసేసరికి నువ్వు గోడ పట్టుకుని నుంచుని ఉన్నావు. నన్ను చూసి మేనత్త చీర వెనక దాక్కున్నావు. నాకు నిజంగా గుర్తున్న నీ మొదటి సంగతి అదే.

నీకు అయిదేళ్ళప్పుడు పక్కింట్లో కొత్తగా పుట్టిన పాపని చూసొచ్చి, నేనూ ఇలా నిద్రలో నవ్వేదాన్నా అని అడిగావు. నీ మొహం చూసి తెలీదనలేకపోయాను. నువ్వూ అంతే అన్నాను. అమ్మ చూసి మురిసిపోయేదన్నాను. నువ్వెంత సంబరపడ్డావో. నాన్న అక్కడే ఉన్నాడు, విని ఊరుకున్నాడు. ఆ తర్వాత నువ్వు ఏది అడిగినా అదే మాట నోటికొచ్చేసేది. నాకూ హాయిగానే ఉండేది. ఎందుకంటే చెప్పేటప్పుడు నాకూ అమ్మ కనపడేది. అమ్మ కిటికీ పక్కన కూర్చోలేదు. నీ చేతులు పట్టుకుందో లేదో, నిన్ను ఎత్తుకోగలిగిందో లేదో కూడా నాకు తెలీదు. చూసిన మేనత్త పోయింది, నాన్నా పోయాడు. అడగడానికి ఎవరూ లేరు.

నీ కళ్ళతో నువ్వు సరిగ్గానే చూశావు. నేను లేనిది చెప్పి నీ నోరు మూయించాను. వాడికేమైనా అయి ఉంటే నేను చేసినట్టే.

నువ్వు రమ్మంటే ఆ పూటే బయల్దేరతాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. రానక్కర్లేదు అని మాత్రం రాయకు, అది నాకు అర్థం కాదు.

అక్క

*

జూలై 10, సోమవారం
హేచరీ

చెల్లీ,

నిన్న కండక్టరు ఖాళీ చేతులతో వచ్చాడు. ఇవాళా అంతే. నా ఉత్తరం నీ చేతికే ఇచ్చానని, నువ్వు నుంచునే చదివావని, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళావని చెప్పాడు. అంతకంటే తెలీదట. పాపం, గేటు దగ్గర ఎక్కువసేపు ఆగి చూశాడట కూడా, ప్రయాణికులు తిట్టారట.

నిన్నటి నుంచి పిల్లలు బయటికొస్తున్నాయి. గదంతా ఒకటే కిచకిచ. ఎప్పుడూ ఆ చప్పుడు వింటే ఆకలి కూడా తెలిసేది కాదు. ఈసారి చెవులు మూసుకోవాలనిపించింది. వాడెలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. నీకు రాయబుద్ధి కాకపోతే కండక్టరుతో నోటి మాట చెప్పు. బాగున్నాడు అంటే చాలు.

అక్క

*

జూలై 11, మంగళవారం
బల్ల మీద, గోడవైపు చివర

అక్కా,

బాగున్నాడు.

నీ కాగితం డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. మంచిదేనమ్మా అంది. మంచిదేమిటో నాకు ఆ నిమిషాన అర్థం కాలేదు. నా రక్తం లెక్క నిన్న వచ్చింది, సరిగ్గానే ఉంది. వాడి కాల్షియం నిలబడింది. ఇప్పుడు పాలతో పాటు చుక్కలు వేస్తున్నారు, అవి కూడా త్వరలో మానేస్తారట. ఇంట్లో జబ్బేం లేదు, నెలలు నిండకపోవడం వల్ల, దీపం వల్ల వచ్చిందేనని చెప్పింది. ఎక్కడికీ పంపడం లేదు. కామెర్లు కూడా దిగాయి. నిన్న సాయంత్రం దీపం తీసేసి, గంతలు తీసి పారేసి, చొక్కా తొడిగి నాకిచ్చేశారు. చొక్కాలో చాలా చిన్నగా కనపడ్డాడు. ఫిట్స్ వల్ల దెబ్బేం మిగలదనే అనుకుంటున్నామంది. అయినా కొన్నాళ్ళు చూపిస్తూ ఉండాలి.

నిన్ను తిట్టాలని రెండు రోజులు కూర్చున్నాను. కాగితం మీద పెట్టబోతే తిట్టు రాలేదు. ఏడుపు కూడా నీ గురించి రాలేదు, అమ్మ గురించి వచ్చింది. ఇన్నేళ్ళూ నాకొక అమ్మ ఉండేది, రెండేళ్ళు నన్ను పెంచిన అమ్మ. శనివారం దాకా ఉంది. ఆదివారం మధ్యాహ్నం బస్సులో పోయింది. నీకెప్పుడో పోయింది కానీ నాకు మొన్ననే పోయిందక్కా. ఈ బల్ల మీద అందరి మధ్యా కూర్చుని, ఎవరికి చెప్పుకోవాలో తెలీక, ఫ్లాస్కు ఆవిడ అడిగితే పిల్లాడి గురించేనని చెప్పాను.

నీ తప్పు నీది. నాది కూడా ఉంది. నా ఒళ్ళో పిల్లాడు వణుకుతుంటే, పక్క గదిలో సిస్టర్‌ని వదిలి, బస్సులో కబురంపి అడిగాను. ఎక్కిళ్ళకి పిలిచి నవ్వించుకున్నదాన్ని, దీనికి కూడా పిలిచి నవ్వించుకోవాల్సింది. నవ్వితే నవ్వింది. ఇప్పుడు ప్రతిదానికీ పిలుస్తున్నాను. ఆవిడ నవ్వడం లేదు.

పెళ్ళి కార్డులో "వీలైతే" అని రాసినప్పుడు, వీలు లేకపోయినా వస్తావనుకున్నాను. మొన్న రానక్కర్లేదన్నప్పుడూ అదే అనుకున్నాను. నువ్వు ఉన్నది ఉన్నట్టు చదువుతావని ఇప్పుడు తెలిసింది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఈ పొద్దున వాడు కళ్ళు తెరిచి చాలాసేపు నా చెవి పోగునే చూశాడు. తర్వాత ఆవలించాడు. ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి ఉంటుంది. గడ్డం వణకడం లేదు. పాలు తాగేటప్పుడు మధ్యలో ఆగి నిట్టూరుస్తాడు, ఏదో పెద్ద సంసారం ఉన్నవాడిలా. ఎప్పుడో ఒకరోజు అడుగుతాడు కదా, నేనెలా ఉండేవాణ్ణి అని. నేను చూశాను కాబట్టి చెబుతాను. కానీ మన అమ్మ కూడా నాకు చెబుదామనే అనుకుని ఉంటుంది.

నేనొక్కదాన్నే చూస్తే చాలదు. రేపు పొద్దున బస్సెక్కి వచ్చి నువ్వు కూడా వాణ్ణి చూడు.

చెల్లి